టక్ మనే చాకు, అమ్మ చింతపండు

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలైంది, తిట్టుకో. నాన్న మోకాలు నొప్పి తగ్గింది, చిన్నది ఆరో తరగతికొచ్చింది, నాకు ఈ వారం బి షిఫ్ట్. అసలు సంగతి వేరే.

బావ అమెరికా నుంచి తెచ్చిన మడత చాకు గురించి ఫోన్లో చెప్పాను కదా, పెన్సిల్వేనియాలో టైటస్‌విల్ అనే ఊళ్ళో గ్రేట్ ఈస్టర్న్ కట్లరీ వాళ్ళు చేసింది. ఎముక పిడి. ధర మాత్రం రాయను, ఈ ఉత్తరం మా ఆవిడ చదివినా చదువుతుంది. దీనికి లాక్ ఉండదురా. వీపున ఉన్న ఉక్కు స్ప్రింగే బ్లేడుని పట్టి ఉంచుతుంది. గాడిలో గోరు పెట్టి లాగితే టక్ మని నిలబడుతుంది. ఆ టక్ కోసమే రోజుకి పదిసార్లు తెరిచి మూస్తాను. మూసేటప్పుడు వేలు అడ్డం ఉంటే ఏమవుతుందో మొదటి వారమే తెలిసింది. నవ్వకు, నీ మూడో బెంచీ సంగతి నేనెక్కడైనా ఎత్తానా?

బ్లేడు 1095 రకం ఉక్కు. కార్బన్ దాదాపు ఒక శాతం, క్రోమియం లేదు. కాబట్టి తుప్పు పడుతుంది, అదీ మన విశాఖ ఉప్పుగాలికి! ఉక్కు ఫ్యాక్టరీలో పనిచేస్తూ ఆ మాత్రం తెలీదా అంటావు. తెలుసు కాబట్టే రోజూ తుడిచి, చుక్క నూనె రాసి జేబులో వేసుకునేవాణ్ణి. పుల్లటిది కోస్తే ఈ ఉక్కు నీలంగా, తర్వాత బూడిదరంగుగా తిరుగుతుంది. ఆ పొర ఉంటే ఎర్రతుప్పు అంత తొందరగా పట్టదు. అందుకని ఏప్రిల్ నుంచీ ఆర్కే బీచ్‌లో గట్టు మీద కూర్చుని ఉప్పూకారంతో మామిడికాయలు కోసుకు తిన్నాను. పళ్ళు పులిశాయి గానీ, బ్లేడు పావురం మెడలా తయారైంది. నీకు చూపించాలని ఎంత అనుకున్నానో.

మొన్న ఆదివారం సింకు పక్కన మర్చిపోయాను. అంతే.

తిరిగొచ్చేసరికి అమ్మ ముఖం వెలిగిపోతోంది. "ఏటిరా, అంత డబ్బెట్టి తెచ్చిన చాకు నల్లగా మాడిపోనాది. చింతపండెట్టి తోమేసినాను, చూడు." చూశాను. కొత్త స్టీలు గ్లాసులా తళతళా! మూడు నెలల మామిడికాయలు ఒక్క కొబ్బరి పీచుతో పోయాయిరా. నోట మాట రాలేదు. తిట్టాలంటే ఎలా తిడతాం, చేతులు మంట పుట్టేదాకా తోమింది పాపం. పైగా తడి గిన్నెల బుట్టలో బోర్లించింది. నేనూ అలిగి దాన్ని ముట్టుకోలేదు, తప్పు నాదే. పొద్దునకల్లా కీలు దగ్గర నారింజ చుక్కలు. నూనె పోసి, గుడ్డతో రుద్ది, తెరిచి మూసి, తెరిచి మూసి... టక్ ఇంకా ఉంది, బతికాను.

రాత్రి భోజనాల దగ్గర ఇదంతా అమ్మకి చెప్పాను. మీ బీచ్ కథలు నాకెందుకు అన్నట్టు విన్నది. నిన్న నేను లేచేసరికి వంటింట్లో కత్తిపీట పక్కన పెట్టి, నా చాకుతో పుల్లమామిడి చెక్కు తీస్తోంది. "రంగే కదా నీకు కావాల?" అంది. నీలం మొదలైంది కూడానూ, కాకపోతే అంచు అక్కడక్కడ

బస్సు హారన్ కొడుతున్నాడు. మిగతాది

నీ,
టెంక