ఆ జంపర్లు వదులు చేయించండి: ఇంధన శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారం.

విశాఖపట్నంలో సబ్‌స్టేషన్ యార్డుల్లో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. యార్డులో యంత్రాలను కలిపే జంపర్ తీగలు బిగువుగా ఉన్నాయని, భూకంపం వస్తే ప్రమాదమని, వాటిని వదులు చేయించమని మూడు అర్జీలు పెట్టుకున్నాను. మొదటి రెండింటికి రసీదులు మిగిలాయి. మూడోదానికి ఒక్క వాక్యం జవాబొచ్చింది: విశాఖ భూకంప ప్రమాద మ్యాపులో తక్కువ ప్రమాదమున్న జోన్ 2లో ఉంది, భూకంపం గురించి ఆందోళన అక్కర్లేదు.

1993 సెప్టెంబరు 30న మహారాష్ట్రలోని కిల్లారిలో భూమి కదిలేనాటికి ఆ ఊరు జోన్ 1లో ఉంది సార్. మ్యాపులో అంతకంటే భద్రమైన జోన్ లేదు. వేలమంది పోయారు. 2002లో ఆ జోన్ 1నే మ్యాపులోంచి తీసేశారు. 2024 డిసెంబరు 4న ములుగు దగ్గర 5.3 తీవ్రతతో కంపించింది కూడా జోన్లు చూసుకుని కాదు.

నేను కొత్త యంత్రాలు అడగలేదు. కరెంటును ఆపే బ్రేకర్‌కీ, కరెంటును కొలిచే సీటీ (కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్)కీ మధ్య ఉండే జంపర్ తీగ గురించే అడిగాను. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వచ్చి ఊరు చీకటైనప్పుడు రాత్రింబవళ్లు సామాను మార్చాం. ఒకచోట కొత్త సీటీ పాతదానికంటే ఎత్తు, జంపర్ చాల్లేదు. ఉన్నదాన్నే లాగి క్లాంప్ బిగించాం. ముందు కరెంటు రావాలి, ఆ రాత్రికి అదే సరైన పని. తర్వాత షట్‌డౌన్ తీసుకుని, అంటే కరెంటు ఆపి, మారుస్తామన్నారు. నేను రిటైరయ్యేదాకా ఆ షట్‌డౌన్ రాలేదు. క్లాంప్ బిగించిన చేతుల్లో నావీ ఉన్నాయి, అందుకే నిద్ర పట్టదు.

భూమి ఊగితే బ్రేకర్ ఊపు వేరు, సీటీ ఊపు వేరు. ఇది ఇటు వాలేసరికి అది అటు వాలుతుంది. తీగ వదులుగా ఉంటే దేని ఊపు దానిది. బిగువుగా ఉంటే ఒక్కసారిగా గుంజుతుంది. ఈ యంత్రాలు నిలబడేది పింగాణీ స్తంభాల మీద; పింగాణీ వంగదు, విరుగుతుంది. లాగేది పైకొన దగ్గర, విరిగేది అడుగున ఫ్లాంజ్ దగ్గర, అంటే స్తంభాన్ని బిగించే లోహపు అంచు దగ్గర. సీటీ నిండా నూనె, పక్కనే నిప్పురవ్వలు. సామానుకు షేక్ టేబుల్ (భూకంపంలా ఊపే బల్ల) మీద చేసిన పరీక్ష సర్టిఫికెట్ ఉందంటారు. ఆ టేబుల్ మీద అది ఒంటరిగా ఊగింది, పక్కనుంచి ఏ తీగా లాగలేదు. 1994లో అమెరికాలో నార్త్‌రిడ్జ్ భూకంపానికి సబ్‌స్టేషన్లలో పింగాణీ విరిగి లాస్ ఏంజెలెస్ నగరమంతా చీకటైంది. 2001లో కచ్‌లోనూ సబ్‌స్టేషన్లు దెబ్బతిన్నాయి.

వదులు ఎంత ఉండాలో లెక్కుంది. రెండు పైకొనలూ ఎంతెంత ఊగుతాయో కలిపి, దానిమీద ఇంకాస్త. మరీ వేలాడితే ఫేజుల, అంటే పక్కపక్కన ఉండే కరెంటు తీగల మధ్య దూరం తగ్గుతుంది, కాబట్టి కొలిచే చేయాలి. కొన్ని మీటర్ల అల్యూమినియం తీగ, నాలుగు క్లాంపులు, ఒక పూట షట్‌డౌన్. ఇంతకంటే ఏమీ కాదు. హుద్‌హుద్‌కి ముందే హెచ్చరిక వచ్చింది, భూకంపానికి అది కూడా ఉండదు.

దయచేసి ప్రతి యార్డులో జంపర్లు కొలిపించండి. కనీసం ఆ ఒక్కటైనా మార్పించండి. ఏ రోజు షట్‌డౌన్ ఇస్తే ఆ రోజు నేనొచ్చి అది యార్డులో ఏ బేలో (ఏ లైను విభాగంలో) ఉందో చూపిస్తాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ సబ్‌స్టేషన్ ఉద్యోగి,
గోపాలపట్నం, విశాఖపట్నం