గని రాకముందే బోర్ల నీళ్ళు పట్టిపెట్టండి

ఒరేయ్ బావా,

నీ ఉత్తరం అందింది. అత్తమ్మ మోకాళ్ళ నొప్పులు తగ్గాయన్నావు, సంతోషం. చివర్లో ఊరి పక్కన సున్నపురాయి గనికి పబ్లిక్ హియరింగ్ (అనుమతికి ముందు ఊరివాళ్ళ అభిప్రాయాలు వినే సభ) పెడుతున్నారని రెండు లైన్లు రాసి వదిలేశావు చూడు, దాని గురించే ఆలోచిస్తున్నా. "మన నీళ్ళకేమన్నా అవుతుందా?" అని అడిగావు. అవుతుందో లేదో ఇక్కడ కూర్చుని నేను చెప్పలేను. రేపు ఏదైనా అయిందని మీరు నిరూపించాలన్నా, కాలేదని కంపెనీ చూపించాలన్నా, ఈరోజు నీళ్ళు ఎలా ఉన్నాయో రాసిపెట్టిన కాగితం ఉండాలి. తవ్వకం మొదలయ్యాక ఎంత డబ్బు పోసినా ఆ కాగితం దొరకదు.

మన కడప జిల్లాలోనే తుమ్మలపల్లె యురేనియం గని ఉంది కదా. టెయిలింగ్ పాండ్ (యురేనియం తీశాక మిగిలిన బురదను నిలవచేసే చెరువు) వల్ల బోర్లు చెడిపోయాయని, అరటి తోటలు దెబ్బతిన్నాయని చుట్టుపక్కల రైతులు ఏళ్ళ తరబడి మొత్తుకుంటున్నారు. అక్కడి రాళ్ళలోనే యురేనియం ఉంది, అదే చిక్కు. బోరు నీళ్ళలో అది ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు, అంటే లీటరుకు 30 మైక్రోగ్రాములు, దాటిందే అనుకో. రాయిలోంచి వచ్చిందా, పాండ్ నుంచి వచ్చిందా? ఆ ఒక్క అంకె చూసి ఎవరూ తేల్చలేరు. అక్కడ ఖనిజాన్ని సోడియం కార్బొనేట్, బైకార్బొనేట్‌లతో కరిగిస్తారు కాబట్టి సోడియం, సల్ఫేట్ కూడా చూడాలి. పాండ్‌కు దగ్గరయ్యే కొద్దీ అవి ఎక్కువవుతున్నాయా, ఏడాదికేడాది పెరుగుతున్నాయా అన్నది తేలాలంటే గనికి ముందు నాటి లెక్క కావాలి.

మీది సున్నపురాయి, కాబట్టి భయం వేరు. గుంత భూగర్భ జలమట్టం కంటే కిందికి దిగితే అందులోకి ఊరే నీళ్ళు తోడి బయట పోస్తారు, చుట్టూ మట్టం పడిపోతుంది. సున్నపురాయిలో నీళ్ళు పగుళ్ళ వెంట, సొరంగాల వెంట నడుస్తాయి. పక్కపక్క చేలల్లోనే ఒక బోరు ఎండిపోయి ఇంకోటి దర్జాగా పారొచ్చు. అందుకే రెండు మూడు బోర్లు చూసి ఊరంతా బాగుందంటే నేను నమ్మను. పేలుళ్ళకు వాడే మందులో అమ్మోనియం నైట్రేట్ ఉంటుంది, కాబట్టి నైట్రేట్ కూడా చూడాలి. తాగునీటికి దాని హద్దు లీటరుకు 45 మిల్లీగ్రాములు. మన యూరియా వల్ల కూడా నైట్రేట్ వస్తుంది, కాబట్టి ఇక్కడా పాత లెక్క లేకపోతే వాదనే మిగులుతుంది.

మట్టం కొలవడంలో ఒక ఇబ్బంది ఉంది. సబ్‌మెర్సిబుల్ మోటారు దించిన బోరు మూత బిగించేసి ఉంటుంది, టేపు దిగే సందు ఉండదు. ఊళ్ళో ఎండిపోకుండా, మోటారు లేకుండా వదిలేసిన బోర్లు ఏమైనా ఉంటే అవి బంగారం. వాటిలో రాళ్ళు వేయకుండా పిల్లలకు చెప్పి, మూత పెట్టించు. ఎండాకాలం చివర ఒకసారి, వానలు తగ్గాక ఒకసారి కొలవండి. చుట్టూ బోర్లు ఆడుతుంటే సరైన లెక్క రాదు, కరెంటు రాకముందే కొలవాలి.

నీళ్ళు పట్టేటప్పుడు మోటారు వేసిన వెంటనే పట్టకు. పైపులో నిలవ ఉన్న నీళ్ళు పోయేదాకా కాసేపు పారనివ్వు. సీసాను అవే నీళ్ళతో మూడుసార్లు కడిగి, గాలి లేకుండా అంచుదాకా నింపు. బోరు ఎవరిది, లోతెంత, తేదీ, టైమ్ అక్కడికక్కడే సీసా మీద రాయి, ఇంటికెళ్ళి రాద్దామనుకోవద్దు. లోహాల పరీక్షకు వేరే సీసా కావాలి, అందులో నైట్రిక్ యాసిడ్ చుక్కలు వేస్తారు. అది ల్యాబ్ వాళ్ళనే అడిగి తెచ్చుకో. ఐసు పెట్టెలో పెట్టి వీలైనంత త్వరగా ల్యాబ్‌కు చేర్చు.

వంక నీళ్ళు పట్టడం మాత్రం మీ చేతుల్లోనే ఉంది. మన వంకలు వానొస్తేనే పారతాయి. పరీక్షకు నీళ్ళు పట్టడానికి మూడు నెలలకోసారి వచ్చే మనిషికి ఎండిన ఇసుకే కనిపిస్తుంది, "నీళ్ళు లేవు" అని రాసుకుని పోతాడు. గని మీద కురిసిన వాన బురదను మోసుకుని దిగేది మాత్రం ఆ మొదటి పారుదలలోనే. ఆ రోజు ఊళ్ళో ఉన్నవాళ్ళే గనికి ఎగువన ఒక సీసా, దిగువన ఒక సీసా పట్టాలి.

హియరింగ్‌కు ముందు కలెక్టరేట్‌లో గని వల్ల పర్యావరణం మీద పడే ప్రభావంపై కంపెనీ ఇచ్చిన రిపోర్టు సారాంశం తెలుగులో పెడతారు, తప్పకుండా చదువు. చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలో వాళ్ళు ఏ బోర్లు చూశారో ఉంటుంది. ఆ బేస్‌లైన్, అంటే గనికి ముందు నాటి లెక్క, సాధారణంగా ఒక్క సీజన్‌దే, మీకు రెండు సీజన్లవీ కావాలి. మీ బోర్లను కూడా లిస్టులో చేర్చమని, నీళ్ళ మట్టం, నాణ్యత చూడ్డానికే పరిశీలన బోర్లు వేయించమని, ఫలితాలు పంచాయతీ ఆఫీసులో అతికించమని లేచి అడుగు, మినిట్స్‌లో రాయించు. అనుమతి వచ్చాక ఏటా జూన్ 1న, డిసెంబర్ 1న కంపెనీ షరతుల అమలుపై రిపోర్టు ఇవ్వాలి, అవి కూడా అడిగి తీసుకోండి.

ముందు బోర్ల లిస్టు పంపు, ఎవరి చేను, ఎన్ని అడుగులు, ఎన్ని అడుగుల్లో నీళ్ళు పడ్డాయి అని. ఏవి పరీక్షించాలో నేను గుర్తుపెట్టి పంపిస్తా. ల్యాబ్ ఖర్చు ఊరంతా తలా ఇంత వేసుకుంటే భారం కాదు, నా వంతు కూడా రాసుకో.

నీ బావ