గాల్లో కరెంటు: ఆశ ఉండాలి, లెక్కా ఉండాలి

సంపాదకులకు,

తీగలు లేకుండా ఎంత దూరమైనా కరెంటు పంపే రోజు దగ్గర్లోనే ఉందని ఫోన్లలో వీడియోలు తిరుగుతున్నాయి. మా ఊళ్లో మొన్నటి గాలివానకు స్తంభాలు ఒరిగి రెండు రోజులు కరెంటు లేదు. ఆ చీకట్లో ఇంట్లో పిల్లలు కూడా ఇదే అడిగారు. నమ్మాలని నాకూ ఉంది.

పంపడం సాధ్యమే. 1975లో అమెరికాలోని గోల్డ్‌స్టోన్‌లో మైక్రోవేవ్‌లతో (రేడియో తరంగాల్లో ఒక రకం) సుమారు 1.5 కిలోమీటర్ల దూరానికి 30 కిలోవాట్లకు పైగా అందించారు. 2025లో అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పా లేజర్‌తో 8.6 కిలోమీటర్ల దూరాన 800 వాట్లకు పైగా అందుకుంది, అదీ 30 సెకన్లు. మా బోరు మీది 5 హెచ్‌పీ మోటారుకే దాదాపు 3,700 వాట్లు కావాలి!

అసలు చిక్కు దూరంతోనే. టార్చిలైటు వెలుగు గోడ దగ్గర చిన్న గుండ్రం, దూరం జరిగేకొద్దీ పలుచబడి పరుచుకుంటుంది. మైక్రోవేవ్‌దీ అదే తీరు. గోల్డ్‌స్టోన్‌లో వాడినటువంటి 26 మీటర్ల డిష్ నుంచి బయల్దేరిన కిరణం 100 కిలోమీటర్లు వెళ్లేసరికి కిలోమీటరుకు పైగా వెడల్పవుతుంది. దాన్ని పట్టుకోవడానికి ఎన్ని ఎకరాలు కావాలి? లేజర్ అంతగా పరుచుకోదు గానీ మబ్బు, పొగమంచు అడ్డొస్తే ఆగిపోతుంది.

డ్రోన్లకు, తీగ లాగలేని చోట్లకు ఈ పరిశోధన సాగాల్సిందే. ఊళ్లకు మాత్రం దీనికోసం ఎదురుచూడొద్దు. 2014 హుద్‌హుద్ తుపాను తర్వాత విశాఖలో భూగర్భ కేబుళ్లు వేశారు. తీరప్రాంత పల్లెలకూ ఆ పని మొదలుపెట్టాలని ప్రభుత్వాన్ని కోరుతున్నాను.

– ఒక రైతు, కోనసీమ