శనివారం సియెనాకి: బస్సా, రైలా?
అందరికీ నమస్తే. ఫ్లోరెన్స్ నుంచి సియెనాకి బస్సులోనే వెళ్దామని నా ఓటు. రైలు సుఖమే, కానీ గంటన్నర పడుతుంది, కొన్నిటికి ఎంపోలీలో మారాలి. పైగా సియెనా స్టేషన్ కొండ కింద ఉంది. ఎదురుగా ఉన్న షాపింగ్ మాల్లోంచి ఒకదాని తర్వాత ఒకటి ఎస్కలేటర్లెక్కి, ఆపైన ఇంకా నడవాలి. పెద్దవాళ్ల మోకాళ్లు కాస్త గుర్తుపెట్టుకోండి!

బస్సు శాంతా మరియా నొవెల్లా రైల్వే స్టేషన్ పక్కనే ఎక్కొచ్చు. 131 నంబరు బస్సుల్లో ‘రాపిదా’ (వేగంగా వెళ్లేది) అన్నదే ఎక్కాలి, మామూలుది దారంతా ఆగుతూ పోతుంది. గంటంపావులో సియెనాలోని పియాజ్జా గ్రామ్షీ అనే కూడలి దగ్గర దింపుతుంది, అక్కణ్ణుంచి ఊరి ప్రధాన కూడలి కాంపోకి పది నిమిషాల నడక. కారు మాటెత్తకండి. పాత ఊళ్లోకి అనుమతి లేకుండా దూరితే కెమెరా పట్టేస్తుంది, జరిమానా తర్వాత ఇంటికొస్తుంది.

వచ్చేవాళ్లు రేపు రాత్రిలోగా పేరు పెట్టండి.