కారు ఏసీకి గ్యాస్ కొట్టించే ముందు

సంపాదకులు గారికి నమస్కారములు.

ఎండలు ముదిరేకొద్దీ రోడ్డు పక్కన ‘ఏసీ గ్యాస్ ఫిల్లింగ్’ బోర్డులు పెరుగుతున్నాయి. కారులో చల్లదనం తగ్గిందని చెప్పీ చెప్పకముందే, బానెట్ అయినా ఎత్తకుండా ‘గ్యాస్ అయిపోయింది సార్’ అనేస్తున్నారు. పెట్రోలులా ఖర్చయిపోయే వస్తువు కాదది. కంప్రెసర్, కండెన్సర్, ఎక్స్‌పాన్షన్ వాల్వు, కూలింగ్ కాయిల్ మీదుగా మూసిన గొట్టాలలో ఉన్న గ్యాసే మళ్లీ మళ్లీ తిరుగుతుంది. రబ్బరు గొట్టాల నుంచి, కంప్రెసర్ సీలు నుంచి ఏళ్ల మీద కొంత జారిపోయే మాట నిజమే కానీ, ఏటా నింపవలసి వస్తోందంటే ఎక్కడో లీకు ఉన్నట్టు. లేదా అసలు జబ్బు గ్యాసుది కానే కాదు.

ముప్ఫై ఏళ్లు ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పిన నేనే వరుసగా రెండు వేసవులు గ్యాస్ కొట్టించుకుని మోసపోయానని ఒప్పుకోక తప్పదు. హైవే ఎక్కితే ఏసీ చక్కగా పనిచేసేది. సిగ్నల్ దగ్గర రెండు నిమిషాలు ఆగితే వేడిగాలి వచ్చేది. బండి పరుగెత్తేటప్పుడు ఎదురుగాలే, గ్యాసులోని వేడిని బయటికి వదిలే కండెన్సర్‌ను చల్లబరుస్తుంది. ఆగినప్పుడు ఆ పని ఫ్యాను చేయాలి. ఫ్యాను మందగిస్తే గొట్టాలలో ఒత్తిడి పెరిగి, ప్రెజర్ స్విచ్ కంప్రెసర్‌ను తిప్పే క్లచ్‌కు కరెంటు ఆపేస్తుంది. అలాంటి బండిలో ఇంకా గ్యాస్ నింపితే ఒత్తిడి మరింత పెరుగుతుందే తప్ప చల్లదనం రాదు.

చివరికి విజయవాడ ఆటోనగర్‌లో ఒక పెద్దవయసు ఆటో ఎలక్ట్రీషియన్ గ్యాస్ ఒత్తిడి చూసే గేజి కన్నా ముందు వోల్టులు కొలిచే మల్టీమీటరు తీశారు. ఇంజిను నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 14.1 వోల్టులు, ఫ్యాను ప్లగ్గు దగ్గర 9. మిగతా ఐదు ఎక్కడికి పోయాయని అడిగి, మీటరు ఒక కొసను బ్యాటరీ నెగెటివ్‌కు, మరొక కొసను ఫ్యాను ఎర్తు తీగకు ఆనించి చూపించారు. ఆ ఐదూ అక్కడే ఉన్నాయి. ఎర్తు బోల్టు విప్పితే కింద ఎర్రటి తుప్పు. ఉప్పుకాగితంతో రుద్ది బిగించగానే ఫ్యాను చప్పుడే మారిపోయింది. కరెంటు దారిలో నిరోధం ఉంటే వోల్టులు అక్కడే ఖర్చవుతాయని ఏటా తరగతిలో బల్ల గుద్ది చెప్పిన ఓమ్ సూత్రం నా బానెట్ కిందే ఉందన్నమాట! అంతకుముందు ఎవరో 20 ఆంపియర్ల ఫ్యూజు చోట 30 ఆంపియర్లది పెట్టిన సంగతీ ఆయనే కనిపెట్టారు. ఫ్యూజు తీగను కాపాడటానికి ఉన్నది. దాని సామర్థ్యం పెంచితే మొదట కాలేది తీగే.

ఇందులో పోయేది డబ్బు ఒక్కటే కాదు. ఓజోన్ పొరను దెబ్బతీసే ఆర్-12 అనే పాత ఏసీ గ్యాసును 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం తరువాత క్రమంగా మానేసి కార్లలోకి ఆర్-134ఏ అనే మరో గ్యాసు తెచ్చారు. ఇది ఓజోన్‌కు హాని చేయదు గానీ, బరువుకు బరువు చూస్తే కార్బన్ డయాక్సైడ్ కన్నా వెయ్యి రెట్లకు పైగా భూమిని వేడెక్కిస్తుంది. ఇలాంటి వాయువులను 2032 నుంచి దశలవారీగా తగ్గిస్తామని ఆ మాంట్రియల్ ఒప్పందానికే చేసిన కిగాలీ సవరణను 2021లో ఆమోదించి మన దేశం మాట ఇచ్చింది. అయినా చాలాచోట్ల పాత గ్యాసును పిన్ను నొక్కి ‘సుయ్’మని గాలిలోకి వదిలేస్తున్నారు. కొత్త గ్యాస్ నింపే ముందు వ్యాక్యూమ్ పంపు పెట్టి గొట్టాలలోని గాలినీ తేమనూ లాగేయడానికి అరగంట ఓపిక పట్టేవారూ తక్కువే. లోపల మిగిలిన తేమ నూనెతో కలిసి ఆమ్లమై కంప్రెసర్‌ను తినేస్తుంది.

గ్యాస్ ఎంత పట్టాలో చాలా కార్లకు బానెట్ కింద స్టిక్కరు మీద గ్రాములలో రాసి ఉంటుంది. కాబట్టి ఎన్ని గ్రాములు తీశారు, ఎన్ని నింపారు, లీకు పరీక్ష చేశారా లేదా అన్నది బిల్లులో రాయడం తప్పనిసరి చేయాలని రెండు రాష్ట్రాల రవాణా శాఖలను, కాలుష్య నియంత్రణ మండళ్లను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. పాత గ్యాసును పట్టి దాచే యంత్రం చిన్న షాపులవారికి భారమే. వాటిని ఆటోనగర్‌లలో ఉమ్మడిగా వాడుకునేలా ఏర్పాటు చేసి, ఐటీఐల ద్వారా మెకానిక్కులకు నాలుగు రోజుల శిక్షణ ఇప్పిస్తే బాగుంటుంది.

ఇట్లు,
ఒక విశ్రాంత ఫిజిక్స్ అధ్యాపకుడు, ఏలూరు