పీట్ హైన్ నౌక కథ

ప్రియ మిత్రమా,

రెండు ప్రపంచ యుద్ధాల నడుమ, యుద్ధం లేని ఇరవై ఏళ్లలో యుద్ధనౌకకు పని ఏముంటుందని గత ఉత్తరంలో నువ్వు అడిగావు. అప్పటినుంచీ నా మనసు పీట్ హైన్ అనే డచ్ డిస్ట్రాయర్ (వేగంగా పోయే చిన్న యుద్ధనౌక) చుట్టూనే తిరుగుతోంది.

1628లో క్యూబా తీరాన స్పెయిన్ వెండి నౌకలను పట్టుకున్న నావికాధిపతి పేరు దానికి పెట్టారు. 1927లో రాటర్‌డ్యామ్‌లో నీటిలోకి దిగిన ఆ నౌకకు నాలుగు 120 మి.మీ. ఫిరంగులు, ఆరు టార్పెడో గొట్టాలు, దాదాపు 36 నాట్ల వేగం ఉండేవి. దీవుల మధ్య దూరాన ఉన్నవాటిని కనిపెట్టడానికి నీటిపై వాలే చిన్న విమానాన్ని కూడా మోసుకుపోయేది. ఇటువంటి నౌకలను ఎనిమిదింటిని కట్టించారు. డచ్ వారి ప్రధాన చింత తూర్పున ఉన్న తమ వలస రాజ్యమే, అంటే నేటి ఇండోనేషియా.

ఇక అసలు సంగతికి వస్తాను. ఆర్థిక మాంద్యం కాలంలో ప్రభుత్వం నావికుల జీతాలకు కోత పెట్టింది. 1933 ఫిబ్రవరి 4 రాత్రి, సుమత్రా ఉత్తర కొసన లంగరు వేసి ఉన్న ‘డి జెవెన్ ప్రొవిన్సియెన్’ అనే పాత యుద్ధనౌకను అందులోని ఇండోనేషియా నావికులు, వారితో కలిసిన కొందరు డచ్ నావికులు స్వాధీనం చేసుకుని, హింస తమ ఉద్దేశం కాదనీ, జీతాల కోతకూ తోటివారి అరెస్టుకూ నిరసనగానే వస్తున్నామనీ చెబుతూ జావా దీవిలోని సురబాయా రేవు వైపు నడిపించారు. దానిని ఆపడానికి జావా అనే క్రూజర్ (పెద్ద యుద్ధనౌక)తో పాటు పీట్ హైన్‌నూ, అలాంటి మరో డిస్ట్రాయర్ ఎవర్ట్సెన్‌నూ పంపారు. శత్రువుల కోసం కట్టిన నౌక తన దళంలోని నౌక మీదికే వెళ్లవలసి వచ్చింది. ఆ కోత నౌకాదళమంతటికీ వర్తించేదే కనుక, ఆ రోజు పీట్ హైన్ డెక్కు మీద నిలబడినవారి మనసులు ఎంత నలిగి ఉంటాయో తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. ఫిబ్రవరి 10న సుమత్రా, జావాల మధ్య ఉన్న సుందా జలసంధి దగ్గర, డచ్ వారి డోర్నియర్ రకం విమానం ఆ తిరుగుబాటు నౌకపై వేసిన బాంబుకు 23 మంది చనిపోయారు. మిగిలినవారు లొంగిపోగా, వారిని బటేవియా (నేటి జకార్తా) దగ్గరి ఒన్‌రస్ట్ దీవిలో నిర్బంధించారు. పదమూడేళ్ల తరువాత, అదే ఫిబ్రవరి నెలలో, బొంబాయిలో మన నావికులు తిరగబడిన సంగతి నీకు గుర్తు వచ్చే ఉంటుంది.

పీట్ హైన్‌కు తరువాతి ఏళ్లు విన్యాసాలతో, రేవుల సందర్శనలతో గడిచాయి. తిరుగుబాటు జరిగిన ఆ పాత నౌకకు 1936లో ‘సురబాయా’ అని పేరు మార్చారు. 1942 ఫిబ్రవరి 18న సురబాయా రేవులో జపాన్ విమానాలు దానిని ముంచివేశాయి. మరుసటి రాత్రే, బాలి పక్కన బదుంగ్ జలసంధిలో, జపాన్ డిస్ట్రాయర్ల చేతిలో పీట్ హైన్ కూడా మునిగిపోయింది.

ఇట్లు,
నీ స్నేహితుడు