మన సంఘం వార్షిక నివేదిక: ఈ ఏడాది పిల్లలతో కలిసి నడిచిన దారి

సభ్యులందరికీ నమస్కారం.

పోయినేడాది నివేదికలో మన కథోలిక బడి పిల్లలతో కలిసి ఎన్ని దుప్పట్లు పంచామో, ఎంతమంది పిల్లలు వచ్చారో, ఎన్ని గంటల సేవ అయిందో పట్టిక వేసి ఇచ్చాం, మీరంతా చప్పట్లు కొట్టారు. ఆ పట్టిక పక్కనే ఒక ఫోటో ఉంది. దుప్పటి అందుకుంటున్న పెద్దావిడ ముఖం పక్కకి తిప్పుకుని ఉంది, ఇస్తున్న మన పిల్లలు ముగ్గురూ మాత్రం ఆమె వైపు కాకుండా కెమెరా వైపు చూసి నవ్వుతున్నారు. కార్యవర్గంలో ఒక సభ్యురాలు ఆ ఫోటో బల్ల మీద పెట్టి "మనం పిల్లలకి నేర్పింది ఇదేనా అండీ" అని అడిగితే ఎవరికీ నోట మాట రాలేదు. తప్పు పిల్లలది కాదు, అలా నిలబడమన్నది మనమే. ఈ ఏడాది చేసిన పనంతా ఆ ప్రశ్న దగ్గరే మొదలైంది.

మొదట చేసిన పని, గంటల లెక్క ఆపేయడం. చాలా కథోలిక బడుల్లో పిల్లలు ఇన్ని గంటలు సేవ చేయాలని నియమం ఉంటుంది, అది మంచి ఉద్దేశంతోనే పెట్టారు. కానీ గంటలకి సర్టిఫికెట్ ముడిపెడితే పిల్లల కళ్ళు గడియారం మీదే ఉంటాయి, ఇది మనం కళ్ళారా చూశాం. అందుకని ప్రిన్సిపాల్ సిస్టర్‌తో మాట్లాడి, ఎనిమిది నుంచి పది తరగతుల పిల్లల్ని చిన్న గుంపులుగా చేసి, ఏడాదంతా అదే వృద్ధాశ్రమానికి, అదే మనుషుల దగ్గరికి వెళ్ళేలా ఏర్పాటు చేశాం. బ్యానర్ లేదు, ఫోటోలు లేవు. మొదటి రెండు నెలలు పిల్లలకి విసుగొచ్చింది. "అంకుల్, వెళ్ళి ఏం చేయాలి?" అని అడిగేవాళ్ళు. ఏమీ చేయొద్దు, కూర్చుని మాట్లాడండి అంటే వాళ్ళకి అది అన్నిటికన్నా కష్టమైన పని అయింది.

ఇదంతా పిల్లలకి సేవక నాయకత్వం, అంటే సేవ చేస్తూనే నడిపించడం, నేర్పాలని. ఆ మాటని ఈ కాలంలో ప్రచారంలోకి తెచ్చింది రాబర్ట్ గ్రీన్‌లీఫ్ అనే అమెరికన్. ఒక పెద్ద టెలిఫోన్ కంపెనీలో జీవితమంతా పనిచేసి, రిటైరయ్యాక 1970లో ఆయన దీని మీద ఒక వ్యాసం రాశారు. నాయకుడు మంచి నాయకుడో కాదో తెలియాలంటే అతని కింద ఉన్నవాళ్ళు ఎదిగారా లేదా, వాళ్ళు కూడా ఇంకొకరికి సేవ చేసేవాళ్ళుగా మారుతున్నారా లేదా చూడాలన్నది ఆయన పెట్టిన పరీక్ష. మన పిల్లలకి మాత్రం యేసు తన శిష్యుల కాళ్ళు కడిగిన యోహాను సువార్త 13వ అధ్యాయంతోనే మొదలుపెట్టాం. పవిత్ర గురువారం నాడు ఏటా చూసేదే కాబట్టి మాకు తెలుసులే అన్నట్టు కూర్చున్నారు. ఒక తొమ్మిదో తరగతి పాప మాత్రం "శిష్యుడు పేతురు ఎందుకు వద్దన్నాడు?" అని పట్టుకుంది. కాళ్ళు కడగడం ఆ రోజుల్లో దాసులు చేసే పని, గురువు చేత చేయించుకోవడం అతనికి నచ్చలేదు అని ఫాదర్ చెప్పారు. పాపకి ఆ జవాబు సరిపోలేదు.

తర్వాతి శనివారం ఆ పాప ఆశ్రమంలో ఒక అవ్వ పక్కన కూర్చుంది. పాప చొక్కా చేతి గుండీ ఊడి వేలాడుతోంది. అవ్వ ఒకప్పుడు బట్టలు కుట్టి పిల్లల్ని పెంచిన మనిషి. సూదీ దారం తెప్పించింది, చూపు ఆనక దారం ఎక్కించే పని పాపకిచ్చింది, పాప నాలుగుసార్లు తప్పి ఐదోసారికి ఎక్కించింది. అవ్వ పాప చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుని, వణికే వేళ్ళతోనే గుండీ కుట్టి, దారం పళ్ళతో తెంపింది. పాప "నేను కుట్టుకుంటాను అవ్వా, మీకెందుకు శ్రమ" అని రెండుసార్లు చెయ్యి వెనక్కి లాక్కుందట. తిరిగొచ్చేటప్పుడు బస్సులో నా పక్కన కూర్చుని "అంకుల్, పేతురు ఎందుకు వద్దన్నాడో ఇప్పుడు తెలిసింది" అంది. నేనింకేం మాట్లాడలేదు.

పిల్లలకి బాగా పట్టింది ఇద్దరు యువకుల కథ. ఒకరు ఫ్రెడెరిక్ ఒజనామ్. 1833లో పారిస్‌లో చదువుకుంటున్నాడు, వయసు 20. మీ మతం ఒకప్పుడు గొప్పదే, ఇప్పుడు పేదలకి మీరేం చేస్తున్నారు అని తోటి విద్యార్థులు నిలదీస్తే, వాదన మానేసి స్నేహితులతో కలిసి పేదల ఇళ్ళకి వెళ్ళడం మొదలుపెట్టాడు. ఏ ఇంటికి వెళ్ళాలో, ఎలా మాట్లాడాలో నేర్పింది ఆ పేటల్లోనే పనిచేస్తున్న రోసలీ రాండ్యూ అనే సిస్టర్. పేదలకి సాయం చేసే పునీత విన్సెంట్ డి పాల్ సొసైటీ పుట్టింది అలాగే. రెండోవాడు టురిన్ నగరం అబ్బాయి పియర్ జార్జియో ఫ్రసాటీ, ఒక పత్రికాధిపతి కొడుకు. 1925లో పోలియో సోకి 24 ఏళ్ళకే చనిపోయాడు. అంత్యక్రియలకి పేదలు వేలల్లో వచ్చేదాకా కొడుకు ఎవరి మధ్య తిరిగాడో ఇంట్లోవాళ్ళకే సరిగ్గా తెలియదు. 2025 సెప్టెంబర్ 7న పోపు లియో ఆయన్ని పునీతుడిగా ప్రకటించారు. ఆ రోజు మన పిల్లలు తమ ఇంటి మనిషికే ఆ గౌరవం దక్కినట్టు సంబరపడ్డారు.

రెండో టర్మ్‌లో బెల్జియం ఫాదర్ జోసెఫ్ కార్డిన్ పద్ధతి పట్టుకున్నాం: చూడు, విచారించు, చెయ్యి. 1961లో పోపు 23వ జాన్ తన విశ్వలేఖలో, అంటే శ్రీసభ అంతటికీ రాసిన లేఖలో, సమర్థించిన పద్ధతే ఇది. బయటికెక్కడికో పోకుండా బడిలోనే చూడమన్నాం. మూడో రోజుకి ఒక గుంపు తలలు వంచుకుని వచ్చింది. తమ తరగతి ఊడ్చే ఆయమ్మని మూడేళ్ళుగా రోజూ చూస్తున్నారు, ఆమె పేరు ఒక్కరికీ తెలియదు. అడిగి తెలుసుకున్నారు. ఆమెకి మధ్యాహ్నం కూర్చోవడానికి కుర్చీ కూడా లేదని, మెట్ల కింద నేల మీదే కూర్చుంటుందని కూడా అప్పుడే చూశారు. మొదట పండక్కి చీర కొనిద్దామన్నారు. టీచర్ "ఆమెకి కావలసింది చీరా?" అని ఒక్క మాట అడిగారు. ఆ సాయంత్రమంతా వాదించుకుని, చివరికి పనివాళ్ళకి కూర్చోవడానికి ఒక గది కావాలని యాజమాన్యానికి పిల్లలే అర్జీ రాశారు. రాసే ముందు ఆయమ్మని అడిగారు, ఆమె చెప్పిన రెండు మాటలు చేర్చారు. కుర్చీలు వచ్చాయి, గది ఇంకా రాలేదు. దయకీ న్యాయానికీ తేడా ఇన్నాళ్ళూ మనం ఉపన్యాసాల్లో చెబుతూనే ఉన్నాం, పిల్లలకి అది ఆ అర్జీ రాసేటప్పుడు అర్థమైంది.

మనలో సగం మందికి పైగా పూర్వ విద్యార్థులమే, కాబట్టి ఒక మాట. 1973లో స్పెయిన్‌లోని వలెన్సియాలో యేసు సభ (జెసూట్ గురువుల సంఘం) పెద్ద ఫాదర్ పెద్రో అరుపే తమ బడుల పూర్వ విద్యార్థుల ముందు నిలబడి, మీకు న్యాయం గురించి సరిగ్గా నేర్పామా అని తననే ప్రశ్నించుకుని, లేదు అని ఒప్పుకున్నారు. యాభై ఏళ్ళు దాటినా ఆ మాట మనకీ వర్తిస్తుంది.

కుదరనివి కూడా చెప్పాలి. క్లాస్ లీడర్లని మార్కులు చూసి కాకుండా, ఒక టర్మ్ చిన్న పనులు చేసినవాళ్ళలోంచి ఎంచుకోవాలన్న ప్రతిపాదన రెండు తరగతుల్లోనే సాగింది. "మా అబ్బాయి బల్లలు తుడవడానికా బడికొచ్చేది" అని కొందరు తల్లిదండ్రులు బాధపడ్డారు, వాళ్ళతో ముందే కూర్చుని మాట్లాడకపోవడం మన పొరపాటు. పరీక్షల టెన్షన్‌లో పదో తరగతి గుంపు జనవరి తర్వాత రాలేకపోయింది, ఎదురుచూసిన అవ్వాతాతలు ఇప్పటికీ వాళ్ళని అడుగుతున్నారు. డైరీ రాయమంటే సగం మంది ఒకరిది చూసి ఒకరు రాశారు, అది మానేసి వచ్చే బస్సులోనే పది నిమిషాలు మాట్లాడుకోవడం పెట్టాం, అదే బాగుంది.

జమాఖర్చులు కోశాధికారి విడిగా ఇస్తారు, ఖర్చులో ఎక్కువ భాగం బస్సుదే.

వచ్చే ఏడాదికి పదో తరగతి వాళ్ళ బదులు తొమ్మిదో తరగతి వాళ్ళని ముందే ఆ అవ్వాతాతలకి పరిచయం చేస్తాం, మధ్యలో ఎవరూ తెగిపోకుండా. పనివాళ్ళ గది కోసం యాజమాన్యంతో మాట్లాడటానికి పిల్లలతో పాటు ఇద్దరు పెద్దలు కావాలి. రెండో శనివారాలు పిల్లల వెంట వెళ్ళడానికి కనీసం ఆరుగురు కావాలి, ఏడాదంతా రాగలిగేవాళ్ళే. సర్వసభ్య సమావేశానికి వచ్చినప్పుడు మీ పేరు కార్యదర్శికి ఇవ్వండి. ఆయమ్మని కూడా ఆ సమావేశానికి పిలిచాం, పిల్లలే వెళ్ళి పిలిచారు, ముందు వరసలో కూర్చుంటుంది.